గొర్రు కక్కిన గింజలు

మృగశిర కార్తె, 2వ రోజు

పంపుకు తోలు వాషరు వేశాను. ఓడలు దిగే రేవు నుంచి వచ్చే రబ్బరు వాషర్లు నెల తిరగకముందే అప్పడాల్లా విరుగుతున్నాయి. వాటిని తయారుచేసే మహానుభావుడెవరో గానీ, ఒక్క పూట నా షెడ్డులో కూర్చోబెడితే బుద్ధి వస్తుంది. రెండు పారలకు కర్రలు మార్చాను. గుంటకకు పదును పెట్టాను. మూడో పార చేతికి తీసుకునేసరికి తట్టచాటు గంట కొట్టారు. షెడ్డు మూసి ఇంటికి పరిగెత్తాను.

ఇంట్లో తలుపులు వేసుకుని, మజ్జిగ కుండ మీద రాగి తీగ ముక్క వేసి, పడుకున్నాను. పూర్వం భూమి మీద గ్రహణమప్పుడు దర్భ వేసేవారట. ఇక్కడ దర్భ మొలవదు, రాగి తీగ దొరుకుతుంది. భూమి మీద గ్రహణం ఎప్పుడో ఒకసారి వచ్చేదట. ఇక్కడ రోజూ మధ్యాహ్నం వస్తుంది. మా నెత్తి మీద బోర్లించిన తట్టలాగా పెద్ద గ్రహం ఒకటి ఆకాశంలో పావు వంతు ఆక్రమించుకుని ఉంటుంది. అది కదలదు. పొద్దే నడిచి నడిచి దాని వెనక్కి పోయి, గంట తర్వాత ఇవతలికి వస్తుంది. ఆ గంటసేపే తట్టచాటు. అప్పుడు ఊళ్ళో పిట్టమనిషి బయట ఉండడు. ఏడు తరాలుగా ఇదే వరస.

ఈ పుస్తకం ఊరి మెకానిక్కు రాయాలి. ఏది చెడింది, ఏం చేశాం, అంతే. నాకు ముందు ఆరుగురు రాసిన పుస్తకాలు షెడ్డు అటక మీద ఉన్నాయి. నేను ఒక్కటీ తెరవలేదు. యంత్రం కళ్ళ ముందే ఉంటే దాని సంగతి ఇంకొకరిని అడగడమేమిటి? నా మరిది కేశప్ప ఊరి పెద్ద. "వదినా, నీ పుస్తకంలో పనికంటే తిట్లే జాస్తి" అంటాడు. చెప్పేవాడు అతను, చేసేదాన్ని నేను. తిట్లు కూడా లేకపోతే నాకు మిగిలేదేముంది?

మృగశిర కార్తె, 4వ రోజు

ఏరువాక. గొర్రుకు పసుపు రాసి, బొట్టు పెట్టి, హారతిచ్చి బయటికి తీశాం.

విత్తనాలు వేసే గొర్రు మా ఊరికి ఉన్నది ఒకటే. భూమి నుంచి వచ్చిన మొదటి ఓడలో మనుషులతో పాటు దిగింది. రెండు నిలువుల ఎత్తు, నేల చీల్చే ఎనిమిది కర్రులు. పైన గింజలు పోసే జడ్డిగం, అందులో ఇద్దరు మనుషులు కాళ్ళు చాపుకుని కూర్చోవచ్చు. తోలేవాడు అక్కర్లేదు. చేను కొలతలన్నీ దాని కడుపులోనే ఉన్నాయి. దానంతట అదే సాలు పట్టుకుని పోతుంది, గట్టు దగ్గర తిరుగుతుంది, మళ్ళీ వస్తుంది. ఎన్నోసార్లు విప్పి బిగించాను, అయినా అది మొదటి సాలు వేస్తుంటే ఇప్పటికీ నా ఒళ్ళు జలదరిస్తుంది. దాన్ని చేసిన ఊరు ఏదో, ఆ మనుషులు ఏమయ్యారో తెలియదు. అది మాత్రం నడుస్తోంది.

దానికి ఒకటే జబ్బు. ప్రతి సాలు చివరా తిరిగేటప్పుడు, గట్టు వారన దోసెడు శనగ్గింజలు కక్కుతుంది. నా చిన్నప్పటి నుంచీ ఇంతే. ఆ గింజలు ఎవరూ ఏరరు. ఈ ఏడు విత్తనం తక్కువ. పోయినేడు సగం పంట పోయింది. అందుకని నేను వంగి ఏరబోయాను.

"ఏరొద్దు మే, ఓబుళమ్మా!" అని అరిచింది తిరుపాలమ్మ జేజి. ఊరందరికీ ఆమె జేజే, నానమ్మే. విత్తనాల కొట్టు తాళం ఆమె మొలలో ఉంటుంది. "గొర్రు కక్కింది ఏరగూడదు."

"ఎందుకు జేజీ?"

"మా అవ్వ చెప్పింది. ఎందుకని అడిగితే మొట్టికాయ వేసింది. నీకూ కావాల్నా?"

మొట్టికాయ వద్దని చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఉత్తరం వైపు పన్నెండు సాళ్ళు పడ్డాక గొర్రు కీచుమని ఆగిపోయింది.

మృగశిర కార్తె, 5వ రోజు

గొర్రును విప్పాను. కీచుమన్నది బేరింగు, దాన్ని మార్చడం గంట పని. చేతులు ఎలాగూ గ్రీజులో ఉన్నాయి కదా అని గింజలు వదిలే పళ్ళచక్రం కూడా బయటికి తీశాను. ముప్పై రెండు పళ్ళు ఉండాల్సిన చోట ముప్పై ఒకటే ఉన్నాయి. ఒక పన్ను అరిగి అరిగి మొదలంటా పోయింది. సాలు చివర ఆ ఖాళీ వచ్చినప్పుడు మూత పడదు, దోసెడు గింజలు జారిపోతాయి. ఏడు తరాల జబ్బుకు మందు ఇంత చిన్నదని ఎవరికీ తట్టలేదంటే నాకు నవ్వొచ్చింది.

వెల్డింగు పెట్టి పన్ను కట్టి, సాపు చేసి బిగించాను. తట్టచాటు అయ్యాక గొర్రు తోలితే ఒక్క గింజ కక్కలేదు. కేశప్ప గట్టు మీద నిలబడి చూసి, "వదినా, నీ చేతికి బంగారు కడియం వేయాల" అన్నాడు.

కడియం వద్దు, కల్లంలో మేర కొలిచేటప్పుడు రెండు చేటలు ఎక్కువ పొయ్యమన్నాను. కమ్మరికీ, వడ్లంగికీ, మెకానిక్కుకీ పంట మీద రావాల్సిన భాగమే మేర. ఊళ్ళో పని చేసిన చెయ్యికి మేర కొలవకుండా ఎవరూ ధాన్యం ఇంటికి తోలరు.

మృగశిర కార్తె, 7వ రోజు

విత్తడం అయిపోయింది. బస్తాన్నర గింజలు మిగిలాయి. మా ఊరి చరిత్రలో విత్తనం మిగలడం ఇదే మొదలు. ఊరంతా నా షెడ్డు ముందు చేరి, వేయించి, బెల్లం ఉండలు కట్టి, ఊరిబిండి నూరి, సంగట్లోకి నంజుకుని ఒక్క పూటలో సఫా చేసేశాం. జేజి కూడా రెండు ఉండలు తినింది. తిని, పంట్లో ఇరుక్కున్న పలుకు తీసుకుంటూ, "బాగుండాయి గానీ, మా అవ్వ ఉంటే నన్ను చంపేసి ఉండు" అంది. అందరం నవ్వాం.

మృగశిర కార్తె, 13వ రోజు

ఈ రోజు నేల నోరు తెరవాలి.

విత్తిన తర్వాత మూడు రోజులు మంచు దిగుతుంది. ఆ తడికి ఇక్కడి మట్టి గచ్చులాగా బిగుసుకుపోతుంది. పార వేస్తే పార వంగుతుంది. ఏరువాక అయిన తొమ్మిదో రోజు తట్టచాటు నిద్ర లేచి తలుపులు తీసేసరికి, సాళ్ళ వెంబడి జానెడు జానెడు దూరంలో వేలెడు బొక్కలు పడి ఉంటాయి. వాటిల్లోంచి మొలకలు పైకి వస్తాయి. నేల స్వభావమే అంత అని చిన్నప్పుడు బడిలో చెప్పారు. ఆ రోజు గట్టు మీద పొంగలి పెడతాం.

పొంగలి గిన్నెలతో పోయాం. గొర్రు ఆగక ముందు వేసిన ఉత్తరపు పన్నెండు సాళ్ళు తెరుచుకున్నాయి. మిగతా చేను తెరుచుకోలేదు.

"ఆ సాళ్ళు ఒక రోజు ముందు పడినాయి కదా" అన్నాడు కేశప్ప. "రేపు తెరుచుకుంటాదిలే."

సరేనని పొంగలి తిని వచ్చాం.

ఆరుద్ర కార్తె, 1వ రోజు

తెరుచుకోలేదు. రెండు రోజులు చూశాం.

ఒక చోట గడ్డపారతో పెళ్ళగించి చూశాను. గింజలు బతికే ఉన్నాయి. మొలకలు పైకి వచ్చి, గచ్చుకు తల కొట్టుకుని, వంకర తిరిగి, తెల్లగా పాలిపోయి ఉన్నాయి. అట్లా ఇంకో రెండు మూడు రోజులు బతుకుతాయేమో.

గుంటక తోలి పైపొర పగలగొడదామన్నాడు కేశప్ప. తోలాం. పెళ్ళలతో పాటు మొలకలూ లేచి వచ్చాయి, పదడుగులు పోయాక గుంటక బ్లేడు రెండు ముక్కలైంది. ఆ ముక్కలు చేతిలో పట్టుకుని అతను నా వైపు తిరిగాడు.

"వదినా, నువ్వు గొర్రు విప్పి బిగించినాకనే కదా ఇట్లయింది? లోతు జాస్తి పెట్టినావేమో చూడు."

"లోతు వేలెడు. కావాలంటే కొలుచుకో. నా పనికి వంక పెట్టేవాడివి నువ్వే వచ్చి బిగించుకో మరి!"

అతను తలగుడ్డ విప్పి మొహం తుడుచుకుని, గట్టు మీద కూర్చున్నాడు. "రెండేండ్లు వరసగా పంట దెబ్బ తింటే ఊరు ఖాళీ చేసి రేవుకు పోవాల. కట్టుబాటు నీకు తెలుసు కదా. ముసలోళ్ళను యాడికని తీసకపోయేది? జేజి ఆ ఓడల మోతలో ఒక్క నెల బతుకుతాదా?" అన్నాడు.

నేను అరిచినందుకు సిగ్గుపడ్డాను. కానీ క్షమించమని అడగలేదు. నాకు చేతకాదు.

ఆరుద్ర కార్తె, 2వ రోజు

తెల్లవారగానే గొర్రు విప్పాను. కేశప్ప మాట రాత్రంతా చెవిలో జోరీగలాగా తిరిగింది. నేను విప్పకముందు పడిన సాళ్ళు తెరుచుకున్నాయి. విప్పిన తర్వాత పడినవి తెరుచుకోలేదు. లోతు మారలేదు. గింజ మారలేదు. నేను మార్చింది బేరింగు, పన్ను. బేరింగుకూ నేలకూ సంబంధం లేదు.

చక్రం తీసి, నేను పెట్టిన వెల్డింగును కొంచెం కొంచెంగా అరగదీసి, అడుగున అసలు లోహం కనబడేదాకా పోయాను. భూతద్దం పెట్టి చూశాను.

అరుగుదల ఎప్పుడూ ఒక పక్కనే ఉంటుంది, నున్నగా మెరుస్తుంది. అది నేర్పకుండా ఎవరినీ షెడ్డులో అడుగు పెట్టనివ్వరు. ఈ గుంట రెండు పక్కలా సమానంగా ఉంది. అడుగున అరగుండ్రం ఆకురాయి గీతలు అడ్డంగా, ఒకదాని పక్కన ఒకటి ఓపిగ్గా ఉన్నాయి. ఆ పన్ను అరగలేదు. ఎవరో కూర్చుని, కొలుచుకుని, చేత్తో అరగదీశారు. అంత నీటైన పని నేను జన్మలో చేయలేదు. ఆ పనినే జబ్బనుకుని తొందరలో పూడ్చేశాను.

అటక ఎక్కి ఆరు పుస్తకాలూ దించాను. రెండో పుస్తకంలో ఒకే ఒక్క ముక్క దొరికింది. "గొర్రుకు చిన్న పని చేశాను." రాసినావిడ పేరు బాలనాగమ్మ. ఆ పని ఎందుకు చేసిందో రాయలేదు.

చక్రం ఒళ్ళో పెట్టుకుని జేజి దగ్గర కూర్చున్నాను. ఉన్నదంతా చెప్పాను.

"అంటే ఆ కక్కుడు కావాలనే పెట్టిందంటావా?"

"కావాలనే. ఆ గింజలు ఎవరికో గానీ నాకు తెలీదు జేజీ. గట్టు వారన గింజలు పడిన సాళ్ళే తెరుచుకున్నాయి. ఇప్పుడు పోసినా తెరుచుకుంటాయేమో. మిగిలిన బస్తాన్నర మనం తినేశాం."

"ముందేటికని దాచిన విత్తనం రెండు బస్తాలుండాది." జేజి ఆ మాట తనే అంది. ఆమె చెయ్యి మొలలోని తాళం మీదకు పోయింది. "అది గూడా పోసి, నేల తెరుచుకోకపోతే?"

"ఈ ఏటి పంటా ఉండదు, ముందేటికి విత్తనమూ ఉండదు."

జేజి తాళం మొలలోంచి తీసి నా ఒళ్ళో పడేసింది. "మా అవ్వ ఎందుకు చెప్పిందో తెలీకుండా పోతే నేను సుఖంగా సావలేను. పో."

ఆరుద్ర కార్తె, 3వ రోజు

ఊరంతా వచ్చింది. కేశప్ప విత్తనం బస్తా భుజాన వేసుకుని ముందు నడిచాడు. "తప్పయితే ఇద్దరం కలిసే రేవుకు పోదాంలే వదినా" అన్నాడు. మొన్నటి నా అరుపుకు అతను ఇచ్చిన జవాబు అదే. గొర్రు తిరిగిన ప్రతి చోటా, గట్టు వారన, దోసెడు గింజలు పోసుకుంటూ పోయాం. దక్షిణపు గట్టు మీద చివరి దోసెడు నేను పోశాను. సంచి దులిపితే దుమ్ము రాలింది. అప్పుడే గంట కొట్టారు.

అందరూ ఊరి వైపు పరిగెత్తారు. నేను కదల్లేదు.

"వదినా! గ్రహణం పడ్తాంది, రా!" అని కేశప్ప దూరం నుంచి కేకేశాడు.

"నువ్వు పో!" అన్నాను. ఇంజను బిగించిన తర్వాత, అది స్టార్టవుతుందో లేదో చూడకుండా ఏ మెకానిక్కయినా ఇంటికి పోతుందా? నా బతుకులో నేను ఎప్పుడూ పోలేదు.

కానీ భయమేసింది. యాభై మూడేళ్ళుగా ఆ గంటలో నేను ఆకాశం చూడలేదు. మా అమ్మ చూడలేదు.

పొద్దు తట్ట అంచును తాకింది. పడమటి కొండల మీద నుంచి నీడ చేను మీదికి పరుగున వచ్చింది. నా పాదాల మీదుగా, నా మీదుగా పోయింది. గాలి ఆగిపోయింది. చల్లబడింది. తలెత్తి చూశాను. తట్ట నల్లగా అయిపోయి, దాని చుట్టూరా ఎర్రటి వెలుగు సన్నగా గుండ్రంగా నిలిచింది, కొలిమిలో కాల్చి తీసిన బండి చక్రపు కమ్మీలాగా. కొలిమి పనిచేసేదాన్ని, ఆ రంగు నాకు తెలుసు. ఇంత పెద్దది ఎవరు కాల్చారు తల్లీ అనుకుని, నాకు తెలియకుండానే దండం పెట్టాను. ఇన్నాళ్ళూ దీని కింద తలుపులేసుకుని, మజ్జిగ కుండ మీద తీగముక్క వేసుకుని పడుకున్నామా అనిపించింది.

చేటలో గింజలు చెరిగినట్టు చప్పుడైంది. గట్టు కదిలింది.

గట్టు లోపలి నుంచి వచ్చాయి. బొటనవేలంత ఉంటాయి. తడి మట్టి రంగు చిప్ప, దాని కింద లెక్కపెట్టలేనన్ని కాళ్ళు. ఒకటి, పది, వంద, ఆ తర్వాత నేల కనబడలేదు. వాటి తడి చిప్పలన్నిటి మీదా పైనున్న ఎర్రటి గుండ్రం చిన్నగా మెరుస్తోంది. ఒక్కోదాని వీపు మీద ఒక్కో తట్టచాటు. అవి నేను పోసిన గింజల కుప్ప దగ్గరికి వచ్చి, తోసుకోకుండా, కొట్టుకోకుండా, గింజను ముక్కలుగా కొరుక్కుని, తలా ఒక ముక్క పట్టుకుని సాలులోకి నడిచాయి. ముందున్నది సాలు మొదట్లో ఆగింది. దాని వెనకది దాన్ని దాటి జానెడు దూరం పోయి ఆగింది. దాని వెనకది ఇంకో జానెడు. ఆగిన ప్రతిదీ అక్కడే తవ్వి, ముక్కతో సహా లోపలికి దిగింది. గడ్డపారకు లొంగని గచ్చు వాటి ముందు పిండిలాగా రాలింది.

ఒకటి నా కాలి మడమ ఎక్కి, దిగి, తన దారిన తను పోయింది. నేను మెల్లగా అక్కడే కూర్చున్నాను. చేను ఆ చివరి నుంచి ఈ చివరి దాకా ఎర్రటి చుక్కల వరసలు నడుస్తున్నాయి, గొర్రు వేసిన సాళ్ళలోనే, ఒక్కటీ వంకర పోకుండా. బాలనాగమ్మ కూడా ఇక్కడే ఎక్కడో కూర్చుని చూసి ఉంటుంది. గ్రహణంలో బయట తిరిగానని చెబితే ఊరు తిడుతుందని నోరు మూసుకుని, పన్ను అరగదీసి, "ఏరకూడదు" అని పిల్లలకు చెప్పిపోయింది. ఎవరికీ తెలియకుండా ఇన్ని తరాలుగా గొర్రు చేత వీటికి మేర కొలిపించింది.

ఏటా మేర తీసుకుంటూ బతికేదాన్ని. నా చేత్తోనే వాటి మేర పూడ్చి, బెల్లం ఉండలు కట్టుకుని తిన్నాను.

పొద్దు ఇవతలి అంచున తొంగిచూసింది. ఆ ఒక్క క్షణంలో చేను ఖాళీ అయింది. ఒక్క పురుగు లేదు, ఉన్నవన్నీ బొక్కలే. వాటిల్లోంచి సన్నగా ఆవిరి లేచింది. దగ్గరి బొక్కలోకి తొంగిచూస్తే, వంకర తిరిగిన తెల్లటి మొలక ఒకటి వెలుగు వైపు తల తిప్పుతోంది. నేను ఏడ్చాను. రాయడానికి నాకు సిగ్గేమీ లేదు.

ఆరుద్ర కార్తె, 5వ రోజు

చేను పచ్చబడింది. ముందేటి విత్తనం ఇప్పుడు ఈ పంటలోంచే తీసుకోవాలి, తీసుకుంటాం. రేవు మాట ఎవరూ ఎత్తడం లేదు.

నిన్న ఊళ్ళో పెద్ద రభస. గ్రహణంలో బయట ఉన్నందుకు నన్ను మూడుసార్లు స్నానం చేయమన్నారు. చేశాను. నేను చూసిందంతా చెప్పాను. ఇంట్లో ఉన్న గింజల్లోంచి పిడికెడు తెచ్చుకుని, ఈ రోజు తట్టచాటుకు కేశప్ప మొదటగా చేలోకి వచ్చాడు. అతని వెనక తలా పిడికెడుతో ఊరు వచ్చింది. అందరికంటే చివర, కర్ర పొడుచుకుంటూ, తిరుపాలమ్మ జేజి.

నీడ దిగింది. గట్టు కదిలింది. జేజి తన పిడికెడు గింజలు చాచిన అరచేతిలోనే పట్టుకుని నేల మీద ఆనించింది. ఒకటి వచ్చి ఆమె అరచేతిలోకి ఎక్కి, ఒక గింజ కొరుక్కుని దిగిపోయింది. ఆ తర్వాత ఇంకొకటి.

"తొంభై ఏండ్లు తలుపేసుకోని కూచుంటి గదే, ఓబుళమ్మా" అంది. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు. "నా వాకిట్లోనే ఇంత జరుగుతాంటే, రోజూ గురకపెట్టి నిద్రపోతి."

వెలుగు వచ్చాక ఆమెను లేపడానికి ఇద్దరం పట్టాల్సి వచ్చింది.

ఆరుద్ర కార్తె, 6వ రోజు

గుంటకకు కొత్త బ్లేడు. మూడో పారకు కర్ర.

గొర్రు: పళ్ళచక్రంలో నేను కట్టిన పన్ను పూర్తిగా తీసేశాను. అరగుండ్రం ఆకురాయితో రెండు పక్కలా సమానం చేశాను. బాలనాగమ్మ పనంత నీటుగా రాలేదు.

నా తర్వాత వచ్చే మెకానిక్కుకు: ముప్పై రెండింట్లో ఒక పన్ను లేదని నువ్వు కూడా కనిపెడతావు. తెలివైనదానివే. అది అరుగుదల కాదు, మేర. దాని జోలికి పోవద్దు. నా మాట నమ్మకపోతే తట్టచాటు గంట కొట్టాక ఇంటికి పోకుండా దక్షిణపు గట్టుకు రా. జేజి కోసం అక్కడ రాయి ఒకటి వేశాం, ఇద్దరు కూర్చోవచ్చు.